పెద్దన్నకి పోటీ వస్తే: అమెరికా, జపాన్, ఒక మెమరీ చిప్ కథ



1987లో జరిగిన ఒక సీన్‌తో మొదలుపెడదాం. వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంట్ భవనం ఉంది కదా, క్యాపిటల్ అంటారు. దాని ముందు పచ్చిక మీద కొంతమంది కాంగ్రెస్ సభ్యులు సూట్లు వేసుకుని నిలబడ్డారు. చేతుల్లో పెద్ద సమ్మెటలు. ఎదురుగా ఒక తోషిబా రేడియో. కెమెరాలన్నీ చూస్తుండగా దాన్ని ముక్కలు ముక్కలు చేసారు. చట్టాలు రాయాల్సిన మనుషులు, పట్టపగలు, ఒక రేడియోని! అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఏంటంటే, ఆ రేడియో ఏ శత్రుదేశానిదో కాదు. జపాన్‌ది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ రాజ్యాంగాన్ని రాయించింది అమెరికన్ అధికారులు. జపాన్ గడ్డ మీద అప్పుడూ, ఇప్పుడూ వేలమంది అమెరికన్ సైనికులు ఉన్నారు. అక్కడ ఎన్నికలు ఉన్నాయి, మార్కెట్ ఉంది, కమ్యూనిజం లేదు. అమెరికా ప్రపంచానికి చూపించి "మాతో ఉంటే ఇలా బాగుపడతారు" అని చెప్పుకున్న దేశం అది. మరి సమ్మెట ఎందుకు లేచింది?

అగ్రరాజ్యం, ఎదిగే రాజ్యం అన్న టాపిక్ రాగానే ఈ మధ్య అందరూ ఒకటే మాట అంటున్నారు: థూసిడిడీస్ ట్రాప్. హార్వర్డ్ ప్రొఫెసర్ గ్రాహం ఆలిసన్ 2017లో పుస్తకం రాసి దీన్ని బాగా పాపులర్ చేసారు. గత 500 ఏళ్ళలో ఇలాంటి పోటీలు 16 వచ్చాయి, వాటిలో 12 యుద్ధంతో ముగిసాయి అని ఆయన లెక్క. అమెరికా, చైనా గురించి ఏ వీడియో చూసినా ఈ 12, 16 వచ్చేస్తాయి. నాకు ఈ లెక్కతో పెద్ద ఉపయోగం కనిపించలేదు. యుద్ధం వచ్చిందా రాలేదా అనేది ఆఖరి పేజీ. దానికి ముందు ఇరవై, ముప్పై ఏళ్ళు ఏం జరుగుతుంది? పెద్ద దేశం రోజువారీగా ఏం చేస్తుంది? ఆఫీసుల్లో, కోర్టుల్లో, బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో ఏం జరుగుతుంది? అది చూడాలంటే జపాన్ కథే బెస్ట్. ఎందుకంటే అక్కడ యుద్ధం రాలేదు, వచ్చే అవకాశం కూడా లేదు. మిగతావన్నీ జరిగాయి.

అసలు ఈ పోటీదారుడిని పెంచింది ఎవరో ముందు చూడండి. ట్రాన్సిస్టర్‌ని కనిపెట్టింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్. ఆ టెక్నాలజీ లైసెన్స్‌ని 1950లలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ టోక్యోలోని ఒక చిన్న కంపెనీకి 25,000 డాలర్లకి ఇచ్చింది. ఆ చిన్న కంపెనీయే తర్వాత సోనీ అయింది. ఇది దొంగతనం కాదు, మోసం కాదు, రసీదు ఉన్న బేరం. ఎందుకిచ్చారు? పక్కనే సోవియట్ యూనియన్ ఉంది, చైనా కమ్యూనిస్టుల చేతుల్లోకి వెళ్ళిపోయింది, కొరియాలో యుద్ధం జరిగింది. జపాన్ ఆకలితో ఉంటే అది కూడా అటు జారిపోతుందని భయం. కాబట్టి టెక్నాలజీ ఇచ్చారు, తమ మార్కెట్ తెరిచారు, జపాన్ తన మార్కెట్ మూసుకుంటే చూసీచూడనట్టు ఊరుకున్నారు. జపాన్ రేడియోలు చేసుకుంటోంది, బొమ్మలు చేసుకుంటోంది, మనకేంటి అనుకున్నారు.

ఇక్కడే ఏకు మేకైంది.

ఇప్పుడు కొంచెం టెక్నికల్‌లోకి వెళ్దాం, భయపడకండి. మీ ఫోన్ కొనేటప్పుడు 8 జీబీ ర్యామ్, 12 జీబీ ర్యామ్ అని చూస్తారు కదా. ఆ ర్యామ్‌లో ఉండేది డీర్యామ్ అనే మెమరీ చిప్. నేను బీటెక్‌లో ఈ చాప్టర్ పరీక్ష ముందు రాత్రి చదివి, పరీక్ష అయిన మధ్యాహ్నానికి మర్చిపోయాను. దాని వెనక ఇంత రాజకీయం ఉందని అప్పుడు ఒక్క సారు కూడా చెప్పలేదు. 1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే డీర్యామ్ చిప్ తెచ్చింది. అందులో పట్టేది వెయ్యి బిట్‌లు, అంటే మీరు పంపే ఒక గుడ్ మార్నింగ్ ఇమేజ్‌లో వందో వంతు కూడా కాదు. కానీ ఇంటెల్‌ని నిలబెట్టింది అదే. ఇప్పుడు ఇంటెల్ అంటే ప్రాసెసర్ అనుకుంటాం, మొదట్లో అది మెమరీ కంపెనీ.

1976లో జపాన్ ప్రభుత్వం, అక్కడి పరిశ్రమల శాఖ ముందుండి, ఐదు కంపెనీలని ఒక చోట కూర్చోబెట్టింది. ఎన్ఈసీ, తోషిబా, హిటాచీ, ఫుజిట్సు, మిత్సుబిషి. బయట మార్కెట్లో ఒకళ్ళ గొంతు ఒకళ్ళు కోసుకునే కంపెనీలు ఇవి. నాలుగేళ్ళు కలిసి రీసెర్చ్ చేయండి, తర్వాత మీ దారిన మీరు కొట్టుకోండి అన్నారు. డబ్బులో ప్రభుత్వం కూడా గణనీయంగా వేసింది. దీన్నే వీఎల్ఎస్ఐ ప్రాజెక్ట్ అంటారు.

దాని ఫలితం 1980లో బయటపడింది. హ్యూలెట్ ప్యాకార్డ్, అదే మన హెచ్‌పీ, తన కంప్యూటర్లలో పెట్టడానికి అమెరికన్ చిప్‌లు, జపాన్ చిప్‌లు రెండూ కొని టెస్ట్ చేసింది. ఆ కంపెనీకి చెందిన రిచర్డ్ ఆండర్సన్ వాషింగ్టన్‌లో ఒక సమావేశంలో ఆ డేటా చూపించారు. అమెరికన్ కంపెనీల్లో మంచిదనుకున్న దాని చిప్ కూడా జపాన్ చిప్ కన్నా కొన్ని రెట్లు ఎక్కువగా ఫెయిల్ అవుతోంది! అప్పటిదాకా జపాన్ సరుకు అంటే చౌకబారు సరుకు అని నవ్వుకునేవాళ్ళు. నేను ఉద్యోగంలో నాలుగేళ్ళు టెస్టింగ్ చేసినవాడిని. టెస్టర్ చెడ్డ వార్త తెస్తే రూమ్‌లో మొదట వచ్చే మాట ఏంటో నాకు తెలుసు. "నీ టెస్టే తప్పు." ఆండర్సన్ డేటాకి కూడా మొదట్లో చాలామంది అలాగే మొహం తిప్పేసుకున్నారు.

కానీ మార్కెట్ మొహం తిప్పుకోదు కదా. 1985కల్లా ఇంటెల్ తన సొంత బిడ్డ లాంటి డీర్యామ్ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఆండీ గ్రోవ్, గోర్డన్ మూర్ ఇద్దరూ ఆఫీసులో కూర్చుని, మనల్ని తీసేసి వేరే సీఈఓని పెడితే అతను ఏం చేస్తాడు అని ఆలోచించారట. మెమరీ మానేస్తాడు అని తేలింది. అయితే ఆ పని మనమే ఎందుకు చేయకూడదు అనుకున్నారు. ఈ సంగతి గ్రోవ్ తన పుస్తకంలో రాసుకున్నారు. 1986 ప్రాంతంలో ప్రపంచ చిప్ మార్కెట్ వాటాలో జపాన్ అమెరికాని దాటేసింది.

ఇక అమెరికా స్పందన చూద్దాం. అందరూ అనుకున్నట్టు ప్రెసిడెంట్ ఒక రోజు టేబుల్ గుద్ది "జపాన్‌ని ఆపండి" అనలేదు. రకరకాల మనుషులు, రకరకాల కారణాలతో, తలో రాయి వేసారు.

మొదటి రాయి దొంగతనం ఆరోపణ. 1982లో ఎఫ్‌బీఐ వల పన్ని, ఐబీఎం రహస్యాలు కొనడానికి ప్రయత్నించారని హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్ ఉద్యోగులని పట్టుకుంది. ఇది కల్పన కాదు, నిజంగానే కొనబోయారు. అయితే ఒక్క నిమిషం ఆగి ఇంకో పేరు వినండి. శామ్యూల్ స్లేటర్. 1789లో ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్ళిన కుర్రాడు. అప్పట్లో నూలు మిల్లుల టెక్నాలజీ బ్రిటన్ ఒక్కదాని దగ్గరే ఉండేది. యంత్రాలు గానీ, వాటి డ్రాయింగ్‌లు గానీ, పనితెలిసిన వాళ్ళు గానీ దేశం దాటకూడదని చట్టం. స్లేటర్ ఏ కాగితమూ పట్టుకెళ్ళలేదు. మొత్తం బుర్రలో పెట్టుకుని, మామూలు మనిషిలా ఓడెక్కేసాడు. సోర్స్ కోడ్ కాపీ చేయకుండా బట్టీపట్టి పక్క కంపెనీకి వెళ్ళిపోవడం అన్నమాట. రోడ్ ఐలండ్‌లో మిల్లు నిలబెట్టాడు. అతని సొంతూరిలో అతన్ని ద్రోహి అన్నారు, అమెరికాలో పారిశ్రామిక పితామహుడు అన్నారు. ఎదిగేటప్పుడు దాన్ని నేర్చుకోవడం అంటారు, ఎదిగాక దొంగతనం అంటారు. అమెరికా ఒక్కదాన్నే అనట్లేదు, కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ డిక్షనరీ ఇదే.

రెండో రాయి వేసింది మైక్రాన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊళ్ళో 1978లో పుట్టిన చిన్న కంపెనీ. దాంట్లో మొదట్లో డబ్బు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు జె. ఆర్. సింప్లాట్. ఆయన బంగాళాదుంపల వ్యాపారి, మెక్‌డొనాల్డ్స్‌కి ఫ్రెంచ్ ఫ్రైస్ సప్లై చేసి సంపాదించిన మనిషి. అంటే ఆలుగడ్డల డబ్బుతో మెమరీ చిప్‌లు! 1985లో ఈ మైక్రాన్, జపాన్ కంపెనీలు తయారీ ఖర్చు కన్నా తక్కువకి చిప్‌లు అమ్మి మమ్మల్ని చంపేస్తున్నాయి అని డంపింగ్ ఫిర్యాదు చేసింది. అదే ఏడాది అమెరికన్ చిప్ కంపెనీల సంఘం కూడా జపాన్ మార్కెట్ మాకు మూసేసారని ప్రభుత్వానికి పిటిషన్ పెట్టింది.

దాంతో 1986లో ఒప్పందం. జపాన్ చిప్‌లు ఒక ధర కన్నా తక్కువకి అమ్మకూడదు. ఆ ధర లెక్కగట్టేది అమెరికా వాణిజ్య శాఖ. ఇంకా గమ్మత్తు, ఒక రహస్య ఉత్తరం. ఐదేళ్ళలో జపాన్ మార్కెట్లో విదేశీ చిప్‌ల వాటా 20 శాతానికి చేరుతుందని అందులో ఉంది. ఫ్రీ మార్కెట్ గురించి ప్రపంచమంతటికీ క్లాసులు పీకే రీగన్ ప్రభుత్వం, పక్క దేశంలో ఎవరు ఎంత శాతం కొనాలో కాగితం మీద రాయించుకుంది. ఒప్పందం సరిగ్గా పాటించట్లేదని 1987 ఏప్రిల్‌లో జపాన్ కంప్యూటర్లు, టీవీలు, పవర్ టూల్స్ మీద 100 శాతం టారిఫ్ వేసారు. 30 కోట్ల డాలర్ల సరుకు మీద. టారిఫ్‌ని ఆయుధంగా వాడటం ట్రంప్‌తో మొదలైందనుకునేవాళ్ళు ఈ తేదీ రాసిపెట్టుకోండి.

మూడోది నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్. ఫెయిర్‌చైల్డ్ అనే కంపెనీ ఉండేది. సిలికాన్ వ్యాలీకి తల్లి లాంటిది, ఇంటెల్ పెట్టినవాళ్ళు అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. 1986కి అది చితికిపోయింది. ఫుజిట్సు దాన్ని కొంటానంది. వెంటనే జాతీయ భద్రత అని గోల మొదలైంది, 1987లో ఫుజిట్సు వెనక్కి తగ్గింది. చిత్రం ఏంటంటే, అప్పటికే ఆ ఫెయిర్‌చైల్డ్ అమెరికన్లది కాదు! దాని ఓనర్ ష్లంబర్జే, ఫ్రెంచ్ మూలాలున్న కంపెనీ. ఫ్రెంచ్‌వాళ్ళ చేతిలో ఉన్నంతకాలం భద్రతకి ఢోకా లేదు, జపాన్ చేతికి వెళ్తుంటే ప్రమాదం. ఎందుకంటే ఫ్రాన్స్ చిప్‌లలో పోటీ కాదు. ఈ గొడవ నుంచే 1988లో ఒక చట్టం వచ్చింది, విదేశీ కంపెనీ అమెరికన్ కంపెనీని కొంటుంటే భద్రత పేరుతో ప్రెసిడెంట్ ఆపేయొచ్చు అని. ఈ రోజు చైనా కంపెనీల మీద వాడుతున్న చట్టం అదే. జపాన్ కోసం కుట్టిన చొక్కా చైనాకి తొడిగారు. 2025 జనవరిలో నిప్పన్ స్టీల్ అనే జపాన్ కంపెనీ యూఎస్ స్టీల్‌ని కొనకుండా బైడెన్ ఆపింది కూడా ఇదే దారిలో. తర్వాత ట్రంప్ కొన్ని షరతులతో వదిలారు, అది వేరే కథ.

ఇక రేడియో సంగతి. తోషిబాకి సగం పైచిలుకు వాటా ఉన్న తోషిబా మెషీన్ అనే కంపెనీ, 1980ల మొదట్లో సోవియట్ యూనియన్‌కి పెద్ద మిల్లింగ్ యంత్రాలు అమ్మింది. జలాంతర్గాముల ప్రొపెల్లర్లని నున్నగా చెక్కే యంత్రాలు. చప్పుడు తక్కువైతే అమెరికా నేవీకి అవి దొరకవు. నిషేధం ఉన్నా దొంగ కాగితాలతో అమ్మారు, తప్పే. తోషిబా ఛైర్మన్, ప్రెసిడెంట్ ఇద్దరూ రాజీనామా చేసారు. కానీ ఆ యంత్రాలకి కంట్రోల్ సిస్టమ్ ఇచ్చింది నార్వే ప్రభుత్వ కంపెనీ కాంగ్స్‌బర్గ్. నార్వే సరుకు మీద సమ్మెట పడినట్టు నేనెక్కడా చూడలేదు. తోషిబా అప్పుడు మెమరీ చిప్‌లలో ముందున్న కంపెనీ. కాంగ్స్‌బర్గ్ కాదు. తప్పు నిజమైనదే, కానీ సమ్మెట బరువు తప్పుని బట్టి రాలేదు, పోటీని బట్టి వచ్చింది. ఇవాళ్టి ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఇదే. నువ్వు మిత్రుడివా, శత్రువువా, ప్రజాస్వామ్యమా, నియంతృత్వమా అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, నువ్వు ఏ మెట్టు మీద కాలు పెట్టావు అని.

ఇక్కడ చాలామంది "ప్లాజా ఒప్పందం" అంటారు. తప్పించుకోలేను, చెప్తాను. 1985 సెప్టెంబర్ 22, న్యూయార్క్ ప్లాజా హోటల్. అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని ఒప్పుకున్నాయి. అప్పుడు డాలర్‌కి దాదాపు 240 యెన్‌లు. 1987 చివరికి 120 దగ్గరికి వచ్చింది. అంటే జపాన్ సరుకు డాలర్లలో రెట్టింపు ఖరీదు. "ఒక్క సంతకంతో అమెరికా జపాన్‌ని ముంచేసింది" అని చాలా వీడియోలు ఉన్నాయి. నేను ఒప్పుకోను. ఆ గదిలో జర్మనీ కూడా ఉంది, దాని మార్క్ కూడా అలాగే పెరిగింది. మరి జర్మనీ మునగలేదే? యెన్ పెరిగి ఎగుమతులు దెబ్బతింటాయని భయపడి, జపాన్ సెంట్రల్ బ్యాంక్ వడ్డీని 2.5 శాతానికి దించి చాలాకాలం అక్కడే ఉంచింది. చౌకగా అప్పు దొరికితే ఏం చేస్తారు, స్థలాలు కొంటారు, షేర్లు కొంటారు. హైదరాబాద్ వాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 1989 డిసెంబర్ 29న నిక్కీ ఇండెక్స్ 38,915 దగ్గర ముగిసింది. మళ్ళీ ఆ అంకె దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. గుంట చూపించింది అమెరికా అయ్యుండొచ్చు, అందులోకి పరుగెత్తింది జపాన్ సొంత కాళ్ళతో.

ఇంతవరకు కంపెనీలు, కరెన్సీలు మాట్లాడుకున్నాం. ఒక మనిషి గురించి చెప్పకుండా ఈ ఎపిసోడ్ పోస్ట్ చేయలేను. 1982 జూన్, డెట్రాయిట్. జపాన్ కార్ల వల్ల అక్కడి ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోతున్న రోజులు. విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ కుర్రాడు, పెళ్ళి ముందు ఫ్రెండ్స్‌తో పార్టీకి వెళ్ళాడు. అక్కడ కార్ల పరిశ్రమకి చెందిన ఇద్దరు తెల్లవాళ్ళతో గొడవైంది. మీవల్లే మా ఉద్యోగాలు పోతున్నాయని అన్నారు. బయటికొచ్చాక వెతికి పట్టుకుని బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టారు. నాలుగు రోజులకి చనిపోయాడు. అతను జపనీస్ కాదు. చైనీస్ కుటుంబంలో పెరిగిన అమెరికన్. కొట్టినవాళ్ళకి రాష్ట్ర కోర్టులో పడిన శిక్ష మూడేళ్ళ ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. జైలు లేదు.

దేశాధినేతలు మాట్లాడే మాట పై నుంచి కిందకి దిగేసరికి అలా మారుతుంది. పైన అది వాణిజ్య లోటు. కింద బార్‌లో అది ముక్కూ మొహం. ఆ మొహం సరైన దేశానిదా కాదా అని ఎవరూ పాస్‌పోర్ట్ అడగరు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన మన తెలుగు ఇంజనీర్‌ని కాల్చి చంపినవాడు కూడా అతన్ని ఇరాన్ వాడనుకున్నాడు. ఆ వార్త వచ్చిన రోజుల్లో మన ఇళ్ళల్లో అమెరికాలో పిల్లలున్న ఎంతమంది అమ్మానాన్నలు నిద్రపోలేదో మీకు తెలుసు.

సరే, మళ్ళీ చిప్‌ల దగ్గరికి. ఇన్ని రాళ్ళు వేసారు కదా, అమెరికా మెమరీ మార్కెట్‌ని తిరిగి తెచ్చుకుందా? లేదు!

రెండు పిల్లులు రొట్టె కోసం కొట్టుకుంటే కోతికి దొరికిన కథ చిన్నప్పుడు చదువుకున్నాం కదా. ఇక్కడ ఆ పాత్ర శామ్‌సంగ్‌ది. 1983లో శామ్‌సంగ్ డీర్యామ్‌లోకి దిగింది. దానికి మొదటి డిజైన్ లైసెన్స్ ఇచ్చింది ఎవరనుకున్నారు? మన మైక్రానే. చేతిలో డబ్బు లేక అమ్ముకుంది. 1986 ఒప్పందంతో జపాన్ చిప్‌ల ధర తగ్గకూడదు అని గీత గీసారు. కొరియాకి ఆ గీత లేదు. ధరలు పెరిగాయి, 1988లో అమెరికన్ కంప్యూటర్ కంపెనీలే మెమరీ దొరక్క ఏడ్చాయి. ఆ పెరిగిన ధరల నీడలో శామ్‌సంగ్ హాయిగా కాళ్ళూనుకుంది. 1990ల మొదటికల్లా డీర్యామ్‌లో ప్రపంచంలో నంబర్ వన్.

అమెరికా కోలుకున్నది వేరే దారిలో. ఇంటెల్ మెమరీ వదిలేసి ప్రాసెసర్ మీద పడింది. పీసీ వచ్చింది, సాఫ్ట్‌వేర్ వచ్చింది, చిప్‌ని డిజైన్ మాత్రమే చేసే కంపెనీలు వచ్చాయి. 1987లోనే మోరిస్ చాంగ్ తైవాన్‌లో టీఎస్ఎంసీ పెట్టారు, మీరు డిజైన్ చేయండి, మేం తయారుచేస్తాం అని. జపాన్ కంపెనీలు ఏమో మెయిన్‌ఫ్రేమ్‌లకి పనికొచ్చే, ఏళ్ళ తరబడి చెడిపోని ఖరీదైన మెమరీ చేయడంలోనే ఉండిపోయాయి. మూడేళ్ళకోసారి మార్చేసే పీసీకి అంత అవసరం లేదు. పోటీదారుడిని కొట్టినందుకు కాదు, ఆటనే మార్చినందుకు అమెరికా నిలబడింది. కానీ వాషింగ్టన్‌లో గుర్తున్నది మాత్రం కొట్టడమే అని నా అనుమానం.

ఎందుకంటే ఇప్పుడు చైనా విషయంలో చూడండి. అవే మాటలు. దొంగతనం, సబ్సిడీ, డంపింగ్, జాతీయ భద్రత. 2019లో హువావేని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారు. 2022 అక్టోబర్ 7న ఏఐకి వాడే పెద్ద చిప్‌లు, వాటిని తయారుచేసే యంత్రాలు చైనాకి వెళ్ళకుండా రూల్స్ పెట్టారు. నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ కంపెనీ చేసే అత్యాధునిక ఈయూవీ యంత్రం చైనాకి ఒక్కటీ వెళ్ళలేదు. దాని మీద 2023 ఆగస్టులో అమెరికా వాణిజ్య మంత్రి చైనా పర్యటనలో ఉండగానే హువావే మేట్ 60 ప్రో ఫోన్ విడుదల చేసింది, లోపల చైనాలోనే తయారైన 7 నానోమీటర్ చిప్‌తో.

అయితే జపాన్, చైనా ఒకటే అని నేను అనట్లేదు. రెండు పెద్ద తేడాలు ఉన్నాయి. జపాన్‌కి కోపం వచ్చినా ఎక్కడికీ వెళ్ళలేదు, దాని రక్షణ అమెరికా చేతిలో ఉంది. చర్చల టేబుల్ మీద ఎవరూ ఆ మాట ఎత్తక్కర్లేదు, గదిలో అందరికీ తెలుసు. చైనా మీద ఆ పట్టు లేదు. రెండోది, జపాన్ తిరిగి కొట్టలేదు, చైనా కొడుతోంది. 2023లో గాలియం, జర్మేనియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా టారిఫ్‌లు 145 శాతానికి వెళ్తే, అరుదైన ఖనిజాల ఎగుమతికి లైసెన్స్ పెట్టింది. ఆ ఖనిజాలు లేకపోతే కార్ల మోటార్లు ఆగిపోతాయి. కొన్ని వారాల్లోనే ఇద్దరూ మాట్లాడుకోవడానికి కూర్చున్నారు.

మరి మనం? చైనాకి ఎదురుగా ఇండియా మాకు సహజ మిత్రుడు అని అమెరికా నాయకులు అన్నప్పుడల్లా మన టీవీ స్టూడియోల్లో పండగ. సోవియట్‌కి ఎదురుగా జపాన్‌ది కూడా అదే పోస్ట్. మనకి దీని రుచి కొంచెం తెలుసు. 1992లో ఇస్రో రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజన్ టెక్నాలజీ కొనబోతే అమెరికా ఆంక్షలు పెట్టింది, మిసైల్ టెక్నాలజీ అని కారణం చెప్పి. రష్యా టెక్నాలజీ ఇవ్వకుండా తయారైన ఇంజన్లు మాత్రం ఇచ్చింది. సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో జీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి సక్సెస్‌ఫుల్‌గా ఎగిరింది 2014 జనవరిలో. ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. 2025 ఆగస్టులో మన సరుకు మీద 50 శాతం టారిఫ్ వేసినప్పుడు దెబ్బ మొదట తగిలింది భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర. తర్వాతి నెలలోనే కొత్త హెచ్1బీ పిటిషన్‌కి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. ఇవి మనం అమెరికాకి పోటీ అయిపోయామని వేసినవి కావు. మన ఎకానమీ ఇంకా ఆ సైజులో లేదు. రష్యా నూనె, వాళ్ళ ఇంటి రాజకీయాలు, అలాంటి కారణాలు. పోటీ కాకముందే ఇలా ఉంటే, నిజంగా ఏదో ఒక మెట్టు ఎక్కిన రోజు ఎలా ఉంటుందో ఢిల్లీలో ఎవరైనా జపాన్ ఫైలు తీసి చదువుతున్నారని ఆశిస్తున్నాను.

మైక్రాన్ సంగతి చెప్పి ముగిస్తాను. జపాన్‌లో చివరికి మిగిలిన డీర్యామ్ కంపెనీ ఎల్పీడా. అది 2012లో దివాళా తీసింది. 2013లో దాన్ని కొనేసింది మైక్రాన్. హిరోషిమాలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో మైక్రాన్ ఇప్పటికీ మెమరీ తయారుచేస్తోంది, కొత్త యంత్రాల కోసం జపాన్ ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తోంది. అమెరికా ప్రభుత్వమూ చిప్స్ చట్టం కింద డబ్బు ప్రకటించింది. 2023 మేలో చైనా, భద్రతా సమస్య అని చెప్పి, కీలక రంగాల్లో మైక్రాన్ చిప్‌లు కొనొద్దంది. మరుసటి నెలలో గుజరాత్‌లోని సనంద్‌లో ప్లాంట్ పెడతామని మైక్రాన్ ప్రకటించింది, అక్కడ ఖర్చులో పెద్ద వాటా మన ప్రభుత్వాలది. హైదరాబాద్‌లో కూడా దానికి ఆఫీసు ఉంది. ఇది వింటున్నవాళ్ళలో ఎవరైనా అక్కడ పనిచేస్తుంటే, మీ కంపెనీకి మొదట్లో పెట్టుబడి పెట్టింది బంగాళాదుంపల వ్యాపారి అని లంచ్‌లో పక్కవాళ్ళకి చెప్పండి.

వచ్చే ఎపిసోడ్ అరుదైన ఖనిజాల మీద. మన కోస్తా ఇసుకలో కూడా కొన్ని ఉన్నాయి, అవి ఎందుకు బయటికి రావట్లేదో చూద్దాం. ఉంటానండి.